ఏఏసీ బ్లాకులతో ఇంటి గోడలు: తేలికే, కానీ చెమ్మ దగ్గర జాగ్రత్త

పిల్లర్లు, బీముల మీద నిలిచే ఇంటికి గోడలు కట్టడానికి ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) అనే తేలికపాటి కాంక్రీటు బ్లాకులు చాలా మంచివని, మా ఇంటి గోడలన్నీ వాటితోనే కట్టించిన అనుభవంతో చెబుతున్నాను. అయితే వాటి స్వభావం తెలిసిన మేస్త్రీ చేతిలో పడితేనే ఆ మేలు పూర్తిగా దక్కుతుంది.

సిమెంటు, సున్నం, జిప్సం, మెత్తని ఇసుక లేదా ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిపిన ముద్దలో కొద్దిగా అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ వాయువు పుట్టి, ముద్ద పొంగి, లోపలంతా సన్నని గాలి గదులు ఏర్పడతాయి. కొంత గట్టిపడ్డాక తీగలతో కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ఆవిరి పాత్రలో, సుమారు 190 డిగ్రీల ఆవిరిలో, అధిక పీడనం కింద గంటల తరబడి ఉంచుతారు. 1920లలో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ రూపొందించిన పద్ధతి ఇది. ఆటోక్లేవ్ లేకుండా నురుగుతో తయారయ్యే సీఎల్‌సీ (సెల్యులార్ లైట్‌వెయిట్ కాంక్రీట్) బ్లాకు వేరు. రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అసలు లాభం బరువులో ఉంది. ఎర్ర ఇటుక ఘనపు మీటరుకు 1,600 నుంచి 1,900 కిలోలు తూగితే, ఏఏసీ బ్లాకు సాధారణంగా 550 నుంచి 650 కిలోలే ఉంటుంది. పొడవు 600, వెడల్పు 200, ఎత్తు 200 మిల్లీమీటర్లు ఉన్న బ్లాకును ఒక్క మనిషి సులువుగా ఎత్తి పెట్టగలడు. భూకంపంలో కట్టడంపై పడే బలం దాని బరువును బట్టే ఉంటుంది కనుక అక్కడ కూడా ఇది మేలే. కానీ ఉక్కు, కాంక్రీటు ఆదా కావాలంటే ఈ బ్లాకులు వాడుతున్నామని డిజైన్‌కు ముందే ఇంజనీరుకు చెప్పాలి. పిల్లర్లు లేచాక నిర్ణయం మార్చుకుంటే ఆ ఆదా దక్కదు. వేడిని కూడా ఇటుకకంటే బాగా తక్కువగా లోపలికి రానిస్తుంది, పైగా నిప్పుకు అంటుకోదు.

బలహీనత నీటి దగ్గర ఉంది. కోసిన ముఖం మీద చెంబుడు నీళ్లు పోస్తే చూస్తుండగానే పీల్చేస్తుంది. అందుకే ఇటుకలా తొట్టెలో నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. తడి బ్లాకుతో కట్టిన గోడ ఆరేటప్పుడు కుంచించుకుపోయి బీటలు వస్తాయి. మా గోడల్లో సన్నని గీతలు కనిపించింది కూడా పిల్లరూ గోడా కలిసే చోట జాలీ (బీటలు ఆపే వల) వేయకుండా ప్లాస్టరింగ్ చేసిన భాగంలోనే. జాలీ బిగించిన చోట ఒక్క గీత కూడా లేదు. స్నానాల గదిలో, నేలకు ఆనుకునే వరుసలో వాటర్‌ప్రూఫింగ్ తప్పనిసరి. మందపు సిమెంటు మాలుకు బదులు 2, 3 మిల్లీమీటర్ల పలుచని జిగురు జాయింటు పెడితే గోడ నిటారుగా వస్తుంది, ప్లాస్టరింగ్ మందమూ తగ్గుతుంది.

మెత్తని బ్లాకు కనుక స్క్రూ బిగించే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు బరువైన అలమరాను మోయలేవు. ఏఏసీ కోసమే తయారైన యాంకర్లు కొనాలి, గీజర్ లాంటి వాటి చోట్లు గోడ కట్టేముందే మేస్త్రీకి చూపించాలి.