వంటిల్లు పైన ఉన్న పడవ: లంకావిలో లగూన్ 380తో రెండేళ్లు

కాపురం ఉండేందుకు పడవ చూడ్డానికి వెళ్తే మా ఆయన నేరుగా ఇంజన్ దగ్గరికి దిగిపోతారు. 30 ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా చేసిన మనిషి, ఆ అలవాటు పోదు. నేను మాత్రం మధ్యాహ్నం 2 గంటలకే వెళ్దామని పట్టుబట్టేదాన్ని. లోపల ఏసీ ఆపించి, పడకగదిలో 20 నిమిషాలు పడుకునేదాన్ని. అమ్మేవాళ్లు నన్ను వింతగా చూసేవారు. చూస్తే చూడనీ, ఉండాల్సింది నేను కదా.

విశాఖలో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఫ్లాటు కిటికీ అద్దం ఒక్కటి కూడా మిగల్చలేదు. అందుకే సముద్రం మీద ఉందామని ఈయన అన్నప్పుడు, తుఫాన్లు రాని చోటైతేనే వస్తానన్నాను. మలేసియాలోని లంకావి దాదాపు 6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకి అంత దగ్గర్లో గాలి సుడి తిరగడానికి భూభ్రమణం ఇచ్చే తోపు చాలదు కాబట్టి తుఫాన్లు చాలా అరుదు. 1987 నుంచి డ్యూటీ ఫ్రీ దీవి కావడం ఇంకో లాభం. ఫ్లాటు అమ్మేశాం, మంచి చేశామో చెడు చేశామో అప్పటికి తెలీదు.

మొదట చూసింది ఉత్తర యూరప్‌లో కట్టిన 44 అడుగుల పడవ. లోపలంతా ముదురు చెక్క, మెత్తటి సోఫాలు, ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. అయితే అది చలిని బయట ఉంచడానికి కట్టిన ఇల్లు. కిటికీలు చిన్నవి, తెరుచుకునేవి ఇంకా తక్కువ. పడకగదిలో 10 నిమిషాలకే దిండు తడిసింది. డెక్ మీద, అంటే పడవ పైన నడిచే చోట, టేకు పలకలు చూడ్డానికి బాగున్నాయి గానీ, చెప్పుల్లేకుండా అడుగు పెడితే పెనం మీద పెట్టినట్టే. ఈ నీళ్లల్లో తెల్లటి డెక్‌కి మించింది లేదు.

రెండోది అమెల్ సూపర్ మారాము. ఫ్రాన్స్‌లో లా రోషెల్‌లో కట్టిన 16 మీటర్ల పడవ, రెండు తెరచాప స్తంభాలు, తెరచాపలు మీట నొక్కితే చుట్టుకుపోతాయి. మంచినీళ్లు 1000 లీటర్లు పడతాయి. మనిషి నిలబడి పనిచేసుకోగల ఇంజన్ గది చూసి మా ఆయన ప్రేమలో పడిపోయారు. దూరదేశాలు తిరిగేవాళ్లకి దానికంటే మంచి పడవ దొరకడం కష్టమని నేనూ ఒప్పుకుంటాను. మరెందుకు వద్దన్నానంటే, వంటిల్లు కింద ఉంది. ఉప్పు డబ్బాకి దిగి, గరిటెకి ఎక్కి, రోజుకి 40 సార్లు ఆ మెట్లు నా మోకాళ్ల వల్ల కాదు. పైగా ఒక లంగరు స్థలంలో కూర్చుని బతికేవాళ్లకి అంత సముద్రపు పడవ అక్కర్లేదు. 

మూడోది 2006లో కట్టిన లగూన్ 380, కాటమరాన్, అంటే జంట పడవ. ఈ మాట తమిళ కట్టుమరం నుంచి వచ్చింది. భీమిలి ఒడ్డున మనవాళ్లు దుంగలు కలిపి కట్టే తెప్పకి వేలువిడిచిన చుట్టం అనుకోండి, పేరు తప్ప పోలిక లేదు. పొడవు 11.55 మీటర్లు, వెడల్పు 6.53. రెండు పడవల మధ్య వంతెనలా హాలు, హాల్లోనే వంటిల్లు. నీళ్లలోకి దిగేది 1.15 మీటర్లే కాబట్టి ఒడ్డుకి బాగా దగ్గరగా లంగరు వేయొచ్చు.

నన్ను గెలిచింది దాని కిటికీలు. హాలు ముందు అద్దాలు నిటారుగా ఉంటాయి, పైకప్పు చూరులా కాస్త ముందుకి వచ్చి ఉంటుంది. అందం లేదు, బస్సు ముఖంలా ఉందని మా ఆయన ఇప్పటికీ అంటారు. కానీ ఈ అక్షాంశంలో ఏడాది పొడవునా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి 30 డిగ్రీల లోపే ఉంటాడు. వాలుగా ఉన్న అద్దంలోంచి ఆ ఎండ తిన్నగా లోపలికి దిగి గదిని ఉడకబెడుతుంది. నిటారు అద్దం మీద జారిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద గీసి చూపించే లెక్కే ఇది. అంత డబ్బు పోసి కొనేవాళ్లు దాన్ని ఎందుకు వెయ్యరో నాకు అర్థం కాదు.

పడవని మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, కట్టేసి ఉండగా చూసి నిర్ణయించకండి. కట్టేసిన పడవ గాలికి తిరగదు. గాలి పక్క నుంచో వెనక నుంచో వస్తుంది, దోమలు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తాయి, చివరికి ఏసీ వేసుకు కూర్చోవాలి. లంగరు మీద ఉన్న పడవ ముక్కు చాలావరకు గాలికి ఎదురుగా తిరుగుతుంది. మంచం పైన హ్యాచ్, అంటే పైకప్పులోని కిటికీ, ఎత్తితే గాలి తనంత తనే లోపలికి పడుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా తూర్పు గాలికి ఫ్యాను కూడా వెయ్యం. రెండేళ్లలో మేం ఏసీ వేసిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మిగతా నెలల సంగతి వేరే. ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య మలక్కా జలసంధి మీద సుమాత్రాలు అనే గాలివానలు పుడతాయి. ఎక్కువగా తెల్లవారుజామునే వస్తాయి. 4 గంటలకి ముఖం మీద చినుకు పడితే లేచి 11 హ్యాచ్‌లు మూయాలి. నేను కుడి పడవ, ఆయన ఎడమ పడవ, మధ్యలో ఢీకొని ఒకరినొకరు తిట్టుకోవడం. మొదటి ఏడాది పరుపు మూడుసార్లు తడిసింది. మూసేస్తే ఉక్క, తెరిస్తే వాన. మంచం పైన హ్యాచ్‌కి చిన్న గుడ్డ పందిరి కుట్టించాక గానీ నిద్ర కుదరలేదు. ఆ కుట్టే అతను "నెక్స్ట్ వీక్" అని రెండు నెలలు తిప్పాడు. మీరైతే పడవ కొన్న రోజే పందిరి పని చెప్పేయండి, పరదాలూ కుషన్లూ తర్వాత చూసుకోవచ్చు.

వంట గురించి. పొయ్యి పక్కనే కిటికీ, వెనక జారే తలుపు, పోపు ఘాటు క్షణంలో బయటికి పోతుంది. దోసెల పిండి 5 గంటల్లో పులిసిపోతుంది, 6 గంటలైతే పారబోయడమే. గ్యాసు బండ విషయంలో మాత్రం ఆటలొద్దు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. బండ పెట్టే అరకి అడుగు భాగంలో కన్నం ఉండాలి, అది తిన్నగా పడవ బయటికి తెరుచుకోవాలి. మా పాత యజమాని ఆ కన్నాన్ని తాళ్ల చుట్టతో మూసేశాడు. తనిఖీకి డబ్బు తీసుకున్న నిపుణుడు అన్నీ బాగున్నాయని రాసిచ్చాడు. అది నా కంటబడింది, అదీ బండ మార్చేటప్పుడు.

కరెంటు లెక్క ముందే వేసుకోవాలి. నీళ్లే 29 డిగ్రీలుంటే ఫ్రిజ్‌కి విశ్రాంతి ఉండదు. మా ఫ్రిజ్, ఫ్రీజర్ కలిసి రోజుకి 12 వోల్టుల మీద 120 ఆంపియర్ అవర్లు తాగుతాయి. 880 వాట్ల సోలార్ వేయించాం, మబ్బు రోజుల్లో అది కూడా బొటాబొటీ. మిక్సీ వేసేముందు ఫ్రిజ్ ఆపుతాను, లేకపోతే ఇన్వర్టర్ కేకలు పెడుతుంది. ట్యాంకు 300 లీటర్లే కాబట్టి సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రం పెట్టించాం. టెన్షన్ తగ్గిందంటే దానివల్లే.

లోపాలూ చెప్పాలి. ఈ సైజు కాటమరాన్లన్నిటికీ ఉన్నదే, ఎదురు అల వచ్చినప్పుడు హాలు కింద నీళ్లు దబ్బున తగులుతాయి, కిందనుంచి ఎవరో గుద్దినట్టుంటుంది. మొదటిసారి నేను నిజంగానే వంగి చూశాను. గాలికి ఎదురు వెళ్లాలంటే ఓపిక చాలా కావాలి. బరువు పెరిగితే పడవ కుంగుతుంది, ఆ గుద్దులూ పెరుగుతాయి. అందుకే నా రుబ్బురోలు విశాఖలో చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. ఆవకాయకి మాత్రం రెండు జాడీల దాకా ఒప్పుకున్నారు. మెరీనాలో వెడల్పుకి అద్దె ఎక్కువ అడుగుతారు, మేం లంగరు మీదే ఉంటాం కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇద్దరే ఉంటే మూడు గదుల రకమే తీసుకోండి. ఒక పక్క పడవ మొత్తం మీదే, విడి స్నానాలగదితో సహా. అద్దెలకి తిప్పిన నాలుగు గదుల రకం చవకగా దొరుకుతుంది గానీ నాలుగో గది చివరికి సామాన్ల కొట్టే అవుతుంది. మా దాంట్లో మూడోదే అయింది. సైకిలు, పాత తెరచాప, బియ్యం బస్తా అన్నీ అందులోనే. నిన్న పప్పు డబ్బా కోసం వెళ్తే, మా ఆయన ఫోను అక్కడ ఛార్జింగ్‌కి పెట్టి ఉంది. తెర మీద అమెల్ ఇంజన్ గది ఫోటో.