గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఐపీఎస్ స్క్రీన్: మూడేళ్లు వాడాక

నింటెండో వారి చేతి గేమ్ కన్సోల్ గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో అసలు తెర తీసి, వెనక వెలుగున్న ఐపీఎస్ (ఒక రకం ఎల్‌సీడీ) తెర కిట్ బిగించి మూడేళ్లయింది. 2001లో కన్సోల్‌తో పాటే వచ్చిన క్యాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ద మూన్ అనే ఆటను పాత స్క్రీన్ మీద ఆడినవాళ్లకు ఈ మార్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. వెనక వెలుగు లేని ఆ తెర మీద నల్ల గోడ ముందు నల్లటి శత్రువు నిలబడితే, దెబ్బ తగిలాకే అక్కడ ఏదో ఉందని తెలిసేది. ఐపీఎస్ తెర మీద అదే గోడలో ఇటుకల వరసలు కనిపిస్తాయి, మెట్ల చివరన పొంచి ఉన్న అస్థిపంజరం దూరం నుంచే తెలుస్తుంది. మూడేళ్ల తర్వాత కూడా ఆ ఆట తెరిచిన ప్రతిసారీ మొదటిరోజు సంతోషమే.

అన్ని ఆటలకూ ఇదే మాట చెప్పలేను. మసక తెర గురించి ఫిర్యాదులు పెరిగాక తయారైన ఆటల్లో రంగులు కావాలనే పెంచారు. క్యాసిల్‌వేనియా వరసలోనే 2002లో వచ్చిన హార్మొనీ ఆఫ్ డిస్సొనెన్స్ అందుకు మంచి ఉదాహరణ. వెలుగున్న తెర మీద ఆ రంగులు వెలిసినట్టుగానో, కళ్లకు గుచ్చుకున్నట్టుగానో ఉంటాయి. వెలుగు రెండు మెట్లు తగ్గిస్తే కాస్త నయం.

బిగించే పని గురించి క్లుప్తంగా. వెనక ఆరు ట్రైవింగ్ (మూడు గీతల తల ఉన్న) స్క్రూలు, బ్యాటరీ గదిలో ఒక ఫిలిప్స్ స్క్రూ. తెరిచాక పాత రిబ్బన్ (తెరను బోర్డుకు కలిపే పలచని తీగపట్టీ) సాకెట్ 40 పిన్‌లదా, 32దా అని లెక్కపెట్టి, కిట్ రిబ్బన్‌లో సరిపోయే కొసను వాడాలి. పాత షెల్‌లో తెర చుట్టూ ఉన్న గట్లు కోయాలి, స్క్రూ స్తంభాలను మాత్రం ముట్టుకోకూడదు. తెర వెనక లోహం బోర్డుకు తగలకుండా ఇన్సులేషన్ టేపు తప్పనిసరి. బటన్లతో వెలుగు మార్చడానికి బోర్డు మీద టీపీ అని రాసి ఉన్న చుక్కలకు సోల్డర్ చేయాల్సిన తీగలు మూడు: సెలెక్ట్ బటన్‌కు టీపీ2, ఆర్ బటన్‌కు టీపీ8, ఎల్ బటన్‌కు టీపీ9. సన్న మొన సోల్డరింగ్ ఐరన్ ఉంటే పది నిమిషాల పని.

అసలు చిక్కు ఏడాది దాటాక వచ్చింది. వెలుగు పూర్తిగా పెంచినా, స్పీకర్‌లో పెద్ద శబ్దం వచ్చినా కన్సోల్ దానంతటదే ఆగి మళ్లీ లోగో దగ్గర మొదలయ్యేది. నిండా చార్జ్ చేసిన సెల్స్‌తో కూడా పవర్ దీపం పది నిమిషాల్లో ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారేది. ఇలాంటప్పుడు అందరూ ముందు కిట్‌నే అనుమానిస్తారు. రిబ్బన్ తీసి పెట్టడం, ఇంకో కిట్ తెప్పించడం, చివరికి బోర్డే పోయిందనుకోవడం మామూలే. దోషం చాలాసార్లు అడుగునున్న పవర్ స్విచ్‌ది.

ఎందుకంటే, ఇరవై ఏళ్లలో ఆ స్విచ్ లోపలి లోహపు పలకల మీద మురికి, చిలుము పేరుకుంటాయి. దాని నిరోధం ఒక ఓమ్ అనుకుందాం. కన్సోల్ 0.1 ఆంపియర్ లాగితే అక్కడ పోయేది 0.1 వోల్టు, పాత తెరతో ఇది పట్టింపులోకి రాదు. కొత్త తెర వెలుగు పెంచి 0.25 ఆంపియర్‌కు చేరితే పావు వోల్టు అక్కడే పోతుంది. రెండు ఎన్ఐఎంహెచ్ (మళ్లీ చార్జ్ చేసుకునే) సెల్స్ ఇచ్చేదే 2.4 వోల్టులు. పైగా సెల్స్ వోల్టేజీని కన్సోల్‌కు కావాల్సినట్టు మార్చే బోర్డు మీది కన్వర్టర్, వచ్చే వోల్టేజీ తగ్గేకొద్దీ అదే పని కోసం ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది. కరెంట్ పెరిగితే స్విచ్‌లో పోయేదీ పెరుగుతుంది. అలా దిగజారుతూ చివరికి రీసెట్ అవుతుంది. అంటే జబ్బు ముందునుంచీ ఉన్నదే, కొత్త తెర దాన్ని బయటపెట్టింది.

తేల్చుకునే దారి సులువు. ఆట నడుస్తుండగా స్విచ్‌ను వేలితో మెల్లగా కదిపి చూడండి. దీపం మినుకుమంటే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగానికి వెనక షెల్ తీసి, బోర్డుకు బయటి నుంచి 2.4 వోల్టులు ఇచ్చి, స్విచ్‌లోకి కరెంట్ వచ్చే కాలికీ, బయటికెళ్లే కాలికీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. మంచి స్విచ్‌లో దాదాపు సున్నా చూపుతుంది. 0.2 వోల్టులు కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు.

శుభ్రం చేయడానికి సెల్స్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు మూడు చుక్కలు స్విచ్ సందులో వేసి, ముప్పై నలభైసార్లు అటూ ఇటూ జరపాలి. పూర్తిగా ఆరాకే సెల్స్ పెట్టాలి. ఇది కొన్ని నెలలే పనిచేసింది. రెండోసారి స్విచ్‌ను బోర్డు నుంచి ఊడదీసి, చెవుల్లాంటి లోహపు మడతలు విప్పి, లోపలి పలకలను ఆల్కహాల్‌తో తుడిస్తే కానీ కుదుటపడలేదు. మడతలు రెండుసార్లకు మించి వంచితే విరుగుతాయి, జాగ్రత్త. పనిలో పనిగా బ్యాటరీ స్ప్రింగుల మీది పచ్చని చిలుమును వెనిగర్ అద్దిన దూదితో తీసి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచేయండి. ఆ తర్వాత ఇప్పటివరకూ ఒక్క రీసెట్ లేదు.

మొదట్లో ఈ తెర స్పష్టతను లోటులేనిదిగా మెచ్చుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. అడ్వాన్స్‌లో దాని ముందు తరం గేమ్ బాయ్ ఆటలు కూడా ఆడొచ్చు. ఆ పాత ఆటల్లో నీడను ఒక ఫ్రేమ్‌లో చూపి, మరో ఫ్రేమ్‌లో దాచి, పారదర్శకంగా ఉందన్న భ్రమ కలిగించేవారు. నెమ్మదైన పాత తెర ఆ రెంటినీ కలిపేసేది. 1992 నాటి జాస్ అనే షూటింగ్ ఆట నేపథ్యమంతా ఈ కిటుకు మీదే నిలబడింది. ఐపీఎస్ తెర వేగం ఎక్కువ కాబట్టి అదంతా ఎడతెగని మినుకుగా మిగులుతుంది, అరగంటలో కళ్లు లాగేస్తాయి. అడ్వాన్స్ సొంత ఆటల్లో ఈ ఇబ్బంది చాలా తక్కువ, ఎందుకంటే రంగులు కలిపే సౌకర్యం దాని హార్డ్‌వేర్‌లోనే ఉంది.

బ్యాటరీ సంగతి: పాత తెరతో రెండు ఏఏ సెల్స్ మీద దాదాపు 15 గంటలు వచ్చేది. నడిమి వెలుగులో నాకు వస్తున్నది అందులో సగం. చార్జర్ పక్కనే పెట్టుకుని సాయంత్రాలు ఆడేవాణ్ణి కాబట్టి ఇది పెద్ద లోటనిపించలేదు. ప్రయాణాల్లోనే ఎక్కువ ఆడేవాళ్లకు అనిపించవచ్చు.

అడ్వాన్స్ ఆటలే ఆడతాను, సోల్డరింగ్ చేతనవును అనేవాళ్లు నిస్సంకోచంగా బిగించుకోవచ్చు, స్విచ్ శుభ్రం చేసే పని అదే రోజు కానిచ్చేయండి. గేమ్ బాయ్ క్యాట్రిడ్జిలు కూడా ఇష్టంగా ఆడేవాళ్లయితే, ఊడదీసిన పాత తెరను పారేయకుండా దాచిపెట్టుకోండి. నేను దాన్ని ఇంకో బోర్డుకు పెట్టి వాడుతున్నాను, జాస్ ఇప్పుడు అందులోనే ఆడతాను.