పైపు లావెక్కిందని చెప్పిన ప్రోబ్: అమైన్ యూనిట్‌లో ఆరేళ్లు

రిఫైనరీలో గ్యాస్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి ఆమ్ల వాయువులను అమైన్ ద్రావణంతో కడిగి తీసేసే అమైన్ యూనిట్‌లో తుప్పు మీద కన్నేసి ఉంచడానికి మాకున్నవి మూడు: కూపన్లు (లైన్‌లో పెట్టి, నెలల తర్వాత తీసి చూసే లోహపు ముక్కలు), ఈఆర్ (ఎలక్ట్రికల్ రెసిస్టెన్స్) ప్రోబ్‌లు, వైర్‌లెస్ అల్ట్రాసోనిక్ సెన్సర్లు (ధ్వని తరంగాలతో పైపు మందం కొలిచేవి). ఇన్‌స్పెక్షన్‌లో ఆరేళ్లుగా వీటితోనే నా కాపురం.

ముందు నన్ను బాగా ఏడిపించిన ఈఆర్ ప్రోబ్ సంగతి. అందులో సన్నటి లోహపు ముక్క ఉంటుంది. అది అరిగేకొద్దీ విద్యుత్ నిరోధం పెరుగుతుంది, దాన్ని బట్టి అరుగుదల లెక్కకడతారు. శుభ్రం చేసిన అమైన్ వెళ్లే లీన్ అమైన్ లైన్‌లో చక్కగా పనిచేసింది. హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మోసుకొచ్చే రిచ్ అమైన్ లైన్‌లో మాత్రం కొన్ని నెలలకే అరుగుదల గ్రాఫ్ కిందికి తిరిగింది. "సార్, పైపు లావెక్కుతోంది" అని కంట్రోల్ రూమ్ కుర్రాడు ఒకటే నవ్వు. తీసి చూస్తే ముక్క నిండా నల్లటి ఐరన్ సల్ఫైడ్ పొర. ఆ పొర కూడా కరెంటును పోనిస్తుంది కాబట్టి పోయిన లోహం లెక్కలోకి రాలేదు. రిచ్ వైపు ఇక దాన్ని నమ్మను.

వైర్‌లెస్ సెన్సర్లు నాకు నచ్చాయి. పైపు బయట బిగిస్తే చాలు, రంధ్రం పెట్టే పని లేదు, మందం రోజూ స్క్రీన్ మీదికి వస్తుంది. కానీ అవి చూసేది తమ కింద రూపాయి బిళ్ళంత చోటే. రీబాయిలర్ (అమైన్‌ను మరిగించే పరికరం) రిటర్న్ లైన్‌లో తిన్నగా ఉన్న పైపుకు బిగించాం. ఏడాదంతా ఒకే రీడింగ్. పక్కనే ఉన్న ఎల్బో (పైపు వంపు) మాత్రం చేతి గేజ్‌తో చూసినప్పుడు పల్చబడి దొరికింది. తప్పు సెన్సర్‌ది కాదు, చోటు ఎంచిన మాది. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

కూపన్లు చవక. ఫలితం నెలల తర్వాత గానీ రాదు, బయటికి లాగే రోజు బ్రీతింగ్ సెట్టు, పర్మిట్లు, టెన్షన్. అయినా గుంటలు పడ్డాయో లేదో కంటికి చూపించేది అవే. వాటి పక్కన అమైన్ ల్యాబ్ రిపోర్టు పెట్టుకుని చదవాలి: హీట్ స్టేబుల్ సాల్ట్స్ (వేడి చేసినా అమైన్‌ను వదలని, తుప్పును పెంచే లవణాలు) 2 శాతం దాటుతున్నాయంటే మిగతా రీడింగులు ఎంత బాగున్నా నాకు నిద్రపట్టదు.

ఈ మూడింటిలో ఏదీ పగుళ్లను పట్టదు. 1984లో అమెరికాలోని రోమియోవిల్ రిఫైనరీలో అమైన్ అబ్సార్బర్ (గ్యాస్‌ను అమైన్‌తో కడిగే టవర్) వెల్డింగ్ పక్కన పగిలి 17 మంది చనిపోయారు. అందుకే మా అబ్సార్బర్ వెల్డింగులను ఇప్పటికీ షట్‌డౌన్‌లో లోపలికి దిగి, మాగ్నెటిక్ పార్టికల్ టెస్టుతోనే (అయస్కాంతం, ఇనుప రేణువులతో పగుళ్లను చూపించే పరీక్ష) చూస్తాం.