టైప్ 1 ఉన్నవాళ్లు బరువు తగ్గాలంటే: అన్నం మానడం మేలా, సగం చేయడం మేలా?

ఈ మధ్య నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. "అక్కా, ఏడు కిలోలు తగ్గారు కదా, అన్నం మానేశారా?" అడిగేవాళ్లలో కొందరు నాలాగే టైప్ 1 వాళ్లు, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ ఉన్నవాళ్లు, మిగతావాళ్లు టైప్ 1 పిల్లల అమ్మలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. 16వ ఏట షుగర్ వచ్చింది, ఇప్పుడు 34. రాత్రి ఒక లాంగ్ యాక్టింగ్ (రోజంతా మెల్లగా పనిచేసే ఇన్సులిన్), తిండికి మూడు, మొత్తం రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. నా యూనిట్లు నావి, మీవి మీ డాక్టరుతో తేల్చుకోవాల్సినవి.

"చిన్నప్పటి షుగర్ వాళ్లు పుల్లల్లా ఉంటారు కదే, నువ్వేంటి ఇలా ఊరావు?" అని మా మేనత్త ప్రతి పెళ్లిలోనూ అడుగుతుంది. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మిగిలింది మూత్రంలో పోతుంది. కాలేజీ రోజుల్లో నా షుగర్ ఎప్పుడూ 250, 300 ఉండేది, ఎంత తిన్నా లావయ్యేదాన్ని కాదు. తిన్నది తిన్నట్టే బయటికి పోయేది. తర్వాత బుద్ధి తెచ్చుకుని కంట్రోల్‌లో పెట్టుకున్నాను, ఆ కారడం ఆగిపోయింది, తిన్నది ఒంటికి పట్టింది. ఇది నా ఒక్కదాని కథ కాదు. అమెరికా, కెనడాల్లో టైప్ 1 వాళ్ల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1993లో వచ్చాయి. షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లకు కళ్లు, కిడ్నీలు, నరాలు బాగా కాపాడబడ్డాయి. కానీ అయిదేళ్లలో వాళ్లు మిగతావాళ్లకంటే సుమారు 4.6 కిలోలు ఎక్కువ పెరిగారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మూడు రెట్లయింది. బరువూ, లో అవడమూ జంటగా వచ్చాయన్నమాట. ఆ జంట సంగతి మళ్లీ చెబుతాను.

ఇక్కడే ఒక మాట. ఆ కారడాన్ని కావాలని మళ్లీ తెరవడం, అంటే సన్నబడదామని ఇన్సులిన్ తగ్గించి వేసుకోవడం, ముఖ్యంగా ఆడపిల్లలు చేస్తుంటారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది ఏ పోలికలోకీ వచ్చే దారి కాదు. కీటోన్లు, అంటే ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు, విపరీతంగా పెరిగి డీకేఏ (రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వచ్చే స్థితి) అయి ఐసీయూలో తేలతారు. మీ అమ్మాయి గబగబా సన్నబడుతూ, మాటిమాటికీ నీళ్లు తాగుతూ, మీటర్ చూపించడానికి తప్పించుకుంటుంటే తిట్టకండి, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

అసలు పోలికకు వస్తాను. రెండూ నేను చేసి చూసినవే.

ముందు అన్నం పూర్తిగా మానేశాను. టైప్ 2 ఉన్న మా బాబాయి కార్బ్స్ (పిండిపదార్థాలు) మానేసి మాత్రలు తగ్గించుకున్నాడు, ఆ ఊపులో నేనూ మొదలుపెట్టాను. గుడ్లు, పనీరు, కోడికూర, ఆకుకూరలు, కొబ్బరి. ఏడు వారాల్లో నాలుగున్నర కిలోలు పోయాయి. మొదటి రెండు కిలోలు చాలావరకు నీళ్లేనని తర్వాత తెలిసింది, అయినా కాటా చూసినప్పుడు వచ్చే సంతోషానికి ఆ తేడా తెలియదు కదా. షుగర్ గీత గీసినట్టు ఉంది, ఆ గొప్ప ఆ దారికి ఇవ్వాల్సిందే. చిన్న డోసు వేసుకుంటే తప్పు కూడా చిన్నదే అవుతుంది. ఏడు యూనిట్ల అంచనాలో పొరపాటుకీ రెండు యూనిట్ల అంచనాలో పొరపాటుకీ చాలా తేడా ఉంది.

ఇబ్బందులు మూడు. ఒకటి, కార్బ్స్ లేకపోతే ఇన్సులిన్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. రాత్రి అరకిలో కోడికూర తింటే మూడు నాలుగు గంటల తర్వాత నా షుగర్ 230కి పోయేది, మాంసకృత్తులు కూడా మెల్లగా షుగర్ పెంచుతాయి. రెండు, తమ్ముడి పెళ్లి. మూడు రోజులు ఎవరు మాత్రం పులిహోర వద్దంటారు? వారాల తరబడి కార్బ్స్ ఎరగని ఒంట్లో పాత లెక్క పని చేయలేదు. 340, దాని మీద కరెక్షన్ (ఎక్కిన షుగర్ దించడానికి అదనపు ఇన్సులిన్), అది దిగిందో లేదోనని ఇంకో కరెక్షన్, అర్ధరాత్రి 52.

మూడోది అసలు భయపెట్టింది. వైరల్ జ్వరం, వాంతులు, ఏమీ తినలేకపోయాను. తినలేదు కాబట్టి ఆ రాత్రి లాంగ్ యాక్టింగ్ సగమే వేసుకున్నాను. షుగర్ 210 అంటే పెద్ద ప్రమాదం కాదులే అనుకున్నాను. కీటోన్లు చూసే మూత్రం స్ట్రిప్ ముదురు ఊదా రంగుకు తిరిగింది. కార్బ్స్ మానినవాళ్లకు కీటోన్లు మామూలుగానే కొంచెం ఉంటాయి కాబట్టి, ఆ రంగు డైట్‌దా, జబ్బుదా అని తేల్చుకోలేక అర రోజు వృథా చేశాను. రెండు రోజులు హాస్పిటల్లో ఉన్నాను. మా బాబాయికి ఇలాంటిది వచ్చే ముప్పు చాలా తక్కువ, ఆయన క్లోమం ఇంకా కొంత ఇన్సులిన్ చేస్తుంది. నాది 18 ఏళ్లుగా చేయడం లేదు. టైప్ 2 వాళ్ల డైట్ మనకు అప్పు తెచ్చుకున్న చొక్కా లాంటిది, చూడ్డానికి బాగానే ఉంటుంది, గుండీలు పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది. ఎదిగే పిల్లలకైతే ఈ దారి జోలికే పోకండి.

తర్వాత సగం అన్నం. ఆరు వందలు పెట్టి వంటింటి కాటా కొన్నాను. మధ్యాహ్నం కంచంలో ఎప్పటిలాగే అన్నం పెట్టుకుని తూచాను, 240 గ్రాములు. వండిన అన్నంలో వందకు సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, అంటే ఒక్క అన్నంలోనే 67. ఇన్నేళ్లూ దాన్ని "రెండు కప్పులు" అనుకుని 50 గ్రాముల లెక్క వేసుకున్నాను, మధ్యాహ్నాలు షుగర్ ఎందుకు ఎక్కుతుందో అప్పుడు అర్థమైంది. 120 గ్రాములకు దించాను. కంచం బోసిగా కనిపించకుండా పప్పు గరిటెన్నర, కూర రెట్టింపు, ఒక గుడ్డు. ఆకలి వేయలేదని చెప్పను. మొదటి పది రోజులు సాయంత్రం నాలుగింటికి కడుపు గోల చేసింది, మజ్జిగతో సర్దుకున్నాను. రాత్రికి రెండు పుల్కాలో, ఒక జొన్న రొట్టో. జొన్న రొట్టెలో కార్బ్స్ లేవనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అదీ పిండే, తూచుకోవాల్సిందే.

ఇందులో జాగ్రత్త ఒక్కటే. అన్నం సగమైన రోజే ఇన్సులిన్ కూడా తగ్గాలి. చేతికి అలవాటైపోయి మూడో రోజు పాత డోసే వేసేసుకున్నాను, గంటన్నరకు 61. బరువు తగ్గేకొద్దీ లాంగ్ యాక్టింగ్ కూడా తగ్గించాల్సి వస్తుంది. నాకు నాలుగు కిలోలు పోయాక 22 నుంచి 18కి దించారు. ఆ సంగతి పట్టించుకోకపోతే తగ్గిన బరువే లోలు తెచ్చిపెడుతుంది.

వేగంలో మొదటిదే మేలు. ఎక్కువ రోజులు చేయగలగడంలో, జ్వరం వచ్చిన రోజు, పెళ్లికెళ్లిన రోజు సగం అన్నమే మేలు. నేను దీన్లోనే ఉండిపోయాను.

అయితే ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. సగం అన్నం మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో నేను తగ్గింది 600 గ్రాములు. తిండి సరిగ్గానే ఉంది, రోజూ సాయంత్రం 45 నిమిషాలు నడుస్తున్నాను, కాటా కదలదు. ఎందుకో తెలుసుకుందామని ఒక నెలంతా లో అయిన ప్రతిసారీ ఏం తిన్నానో నోటుబుక్కులో రాశాను. నెలకు 19 సార్లు.

అందులో ఒక రాత్రి ఇది. రెండున్నర. ఒళ్లంతా చెమట, నైటీ వీపుకి అంటుకుపోయింది. వణుకుతున్న వేళ్ల మధ్య నుంచి ఒక స్ట్రిప్ కిందపడింది, ఇంకొకటి తీశాను. 48. ఫ్రిజ్ లైటు వెలుతుర్లో నిలబడి గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు, నాలుగు మేరీ బిస్కెట్లు, అరటిపండు, ఆ తర్వాత మా వాడికని దాచిన సేమ్యా పాయసం గిన్నె ఖాళీ చేశాను. 15 గ్రాములు తిని 15 నిమిషాలు ఆగాలన్న నియమం నాకు తెలియక కాదు. 48 ఉన్నప్పుడు బుర్ర ఆ మాట వినదు. పొద్దున్న లేచేసరికి 290.

లెక్క చూడండి. 15 గ్రాముల గ్లూకోజ్ అంటే 60 కేలరీలే. బిస్కెట్లు, అరటిపండు కలిస్తే 250 దాటుతుంది, పాయసం సంగతి వదిలేయండి. నేను 45 నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 180. సాయంత్రం నడిచి పోగొట్టింది రాత్రి ఫ్రిజ్ దగ్గర వడ్డీతో సహా తిరిగి తెచ్చుకుంటున్నాను. పైగా లో అయిన భయానికి మర్నాడు ఇన్సులిన్ తక్కువ, తిండి ఎక్కువ.

అందుకే నా వరకు ఏ పద్ధతినైనా కొలిచే కొలబద్ద ఒక్కటే: అది వారానికి ఎన్నిసార్లు నా చేత గ్లూకోజ్ తాగిస్తుంది? అందరూ తిండి గురించి అడుగుతారు. నాకు తేల్చిపెట్టింది నడక వేళ.

సాయంత్రం నడకలో ఏం జరుగుతోందంటే, అయిదింటికి టిఫిన్, దానికి ఇన్సులిన్, ఆరింటికి నడక. వేసుకున్న ఇన్సులిన్ మంచి జోరు మీద ఉండే గంట అది. కండరాలు ఒకపక్క షుగర్ లాగుతుంటే ఇన్సులిన్ ఇంకోపక్క తోస్తుంది, దిగకుండా ఎలా ఉంటుంది? అంతటితో అయిపోదు. వ్యాయామం చేసిన ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత కూడా షుగర్ పడే ముప్పు ఉంటుంది. సాయంత్రం ఆరుకి నడిస్తే ఆ గంటలు సరిగ్గా ఒంటిగంట నుంచి అయిదు వరకు. నా 19లో 11 ఆ వేళల్లోనే.

పొద్దున్న ఆరింటికి, టిఫిన్‌కి ముందు నడిస్తే ఒంట్లో లాంగ్ యాక్టింగ్ తప్ప ఇంకే ఇన్సులిన్ ఉండదు. తెల్లవారుజామున ఊరే హార్మోన్లు షుగర్‌ని కాస్త పైకే నెడుతుంటాయి. నాకు నడక మొదట్లో 130 ఉంటే, చివర్లో 125 నుంచి 160 మధ్య ఉంటుంది. ఒక్కోసారి పెరుగుతుంది, మొదట్లో కంగారుపడ్డాను, టిఫిన్ డోసుతో సర్దుకుంటుంది. తర్వాత పడే ముప్పు ఏమన్నా ఉంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి. అప్పుడు మెలకువగా ఉంటాను, పక్కన మనుషులుంటారు, బుర్ర పనిచేస్తుంటుంది, మూడు చెంచాలతో ఆగగలను. వేళ మార్చిన రెండో నెలలో లోలు 19 నుంచి 5కి వచ్చాయి. అదే సగం అన్నం, అదే 45 నిమిషాలు. ఆ తర్వాత ఏడు నెలల్లో ఆరున్నర కిలోలు పోయాయి.

పొద్దున్న నడకకీ షరతులున్నాయి. లేవగానే 250 పైన ఉంటే కీటోన్లు చూసుకోకుండా కదలను, ఉంటే నడక లేదు, ఇన్సులినే. 90 లోపు ఉంటే రెండు ఖర్జూరాలు తిని కాసేపాగుతాను. జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంటుంది. వారానికి మూడు రోజులు నడకకు ముందు పదిహేను నిమిషాలు డంబెల్స్ చేస్తాను, బరువులు ముందు ఎత్తి తర్వాత నడిస్తే షుగర్ నిలకడగా ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. పదహారు గంటల ఉపవాసం నెల చేశాను, లాంగ్ యాక్టింగ్ డోసు సరిగ్గా ఉందో లేదో తెలిసింది, బరువు తేడా ఏమీ లేదు. వారానికో ఇంజెక్షన్ వేసుకుంటే బరువు తగ్గే మందుల గురించి చాలామంది అడుగుతున్నారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ టైప్ 1 కోసం అనుమతి పొందినవి కావు. ఆ కుటుంబానికే చెందిన లిరాగ్లూటైడ్‌ని టైప్ 1 వాళ్ల మీద పరీక్షిస్తే బరువు తగ్గింది కానీ లోలూ, కీటోన్లూ పెరిగాయి. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రని యూరప్‌లో 2019లో టైప్ 1 కి ఒప్పుకున్నారు, 2021లో ఆ వాడకాన్ని వెనక్కి తీసుకున్నారు. షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే డీకేఏ తెప్పించగలదది. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

పొద్దున్న కుదరనివాళ్లు, పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లు, నైట్ షిఫ్టులవాళ్లు, సాయంత్రమే నడవాలంటే రెండు పనులు చేయొచ్చు. ఒకటి, నడకకు ముందు తిన్న టిఫిన్ డోసు ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అంకెతో సహా అడిగి రాయించుకోండి, "కొంచెం తగ్గించు" అన్న మాటతో ఇంటికి రావద్దు. వీలైతే నడిచిన రోజు రాత్రి రెండింటికి అలారం. రెండు, నడక చివర్లో పది సెకన్లు గట్టిగా పరిగెత్తండి, ఆ చిన్న పరుగు షుగర్ వెంటనే పడకుండా కొంతసేపు పట్టి ఉంచుతుంది. సాయంత్రం నడిచే రోజుల్లో నాకు ఆ పరుగు గుర్తు పెట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. మా కాలనీ మూడో వీధి మలుపులో ఉన్న కుక్కలు సెకన్లతో సహా లెక్కపెట్టి చేయించేవి.