కెడెన్‌లైవ్‌ను మూడు రకాల ప్యాకేజీల్లో వాడాక

ఏడేళ్లుగా వీడియో ఎడిటింగ్‌కి కెడెన్‌లైవే వాడుతున్నాను. ఎడిటర్ బాగోగుల మీద ఇప్పటికే చాలామంది రాశారు, నేను చెప్పదలచుకున్నది దాని వెనకున్న యంత్రాంగం సంగతి. టైమ్‌లైన్ మీద క్లిప్పులు జరిపేది మనమే గానీ, వాటిని కలిపి వీడియోగా మలిచేది ఎమ్మెల్టీ అనే ఇంజిన్. ఫైళ్లు చదవడం, ఎన్‌కోడ్ చేయడం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంతు. ఎఫెక్టుల్లో చాలా ఫ్రైయోర్ అనే ప్లగిన్ల మూటలోంచి వస్తాయి. మనం సేవ్ చేసుకునే ప్రాజెక్టు ఫైలు కూడా ఎమ్మెల్టీ ఎక్స్‌ఎంఎల్లే. వీటిలో ఏది అటూ ఇటూ అయినా దెబ్బ మన పనికే.

మొదటి రెండేళ్లు డిస్ట్రో, అంటే నేను వాడే లినక్స్ సిస్టమ్, ఇచ్చే ప్యాకేజీ వాడాను. ఒకే లైబ్రరీని అన్ని ప్రోగ్రాములూ పంచుకుంటాయి, ఒక్కచోట ప్యాచ్ పడితే అన్నిటికీ అందుతుంది. ఆ సుఖం నిజమే. అయితే ఒకసారి సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసి, సగంలో ఉన్న ప్రాజెక్టు తెరిస్తే గ్లో ఎఫెక్ట్ మాయమైంది. ఎడిటర్ తీసేసి మళ్లీ వేశాను. సెట్టింగ్స్ ఫోల్డర్ చెరిపేశాను. ఊహూఁ. చివరికి టెర్మినల్లో ఎమ్మెల్టీ వాళ్ల మెల్ట్ కమాండ్‌తో ఫిల్టర్ల జాబితా తీయిస్తే, ఫ్రైయోర్‌తో మొదలయ్యే పేరు ఒక్కటీ లేదు. ఆ ప్లగిన్ల ప్యాకేజీని 'ఉంటే మంచిది' జాబితాలో పెట్టారు, అప్‌గ్రేడ్‌లో అది జారిపోయింది. వేసుకోగానే ఎఫెక్ట్ తిరిగొచ్చింది గానీ అప్పటికే తెల్లవారింది. ప్యాకేజీ కట్టేవాళ్లకి అది ఐచ్ఛికం కావచ్చు, ప్రాజెక్టులో ఆ ఎఫెక్ట్ వాడుకున్నవాడికి మాత్రం కాదు.

ఆ తర్వాత, యాప్‌కి కావాల్సినవన్నీ దానితోనే కట్టి ఇచ్చే యాప్‌ఇమేజ్‌కి మారాను. ఒకటే ఫైలు, రన్ చేసే అనుమతి ఇస్తే చాలు. విప్పి చూస్తే ఎమ్మెల్టీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఫ్రైయోర్ అన్నీ లోపలే ఉన్నాయి, కలిపి పరీక్షించిన జత. ప్రోగ్రాములన్నిటికీ పునాదిలాంటి జీలిబ్‌సీ లైబ్రరీ మాత్రం మన సిస్టమ్‌దే వాడుకుంటుంది, అందుకే వీటిని పాత డిస్ట్రో మీద బిల్డ్ చేస్తారు. 2021లో 21.08 వెర్షన్ ఎమ్మెల్టీ 7కి మారినప్పుడు, అప్పటికే మొదలైన పనులన్నీ పాత యాప్‌ఇమేజ్‌లోనే నిశ్చింతగా ముగించాను. అప్పట్నుంచీ పూర్తయిన ప్రతి ప్రాజెక్టు ఫోల్డర్లో, దాన్ని ఏ యాప్‌ఇమేజ్‌తో చేశానో ఆ ఫైలు కూడా దాచుతున్నాను. చోటు తింటుంది, తిననీ. ఒక్క చిక్కు: పాత యాప్‌ఇమేజ్‌లు తెరుచుకోవాలంటే, ఆ ఫైలును ఫోల్డర్‌లా చూపించే ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి. కొత్త డిస్ట్రోల్లో ఫ్యూజ్ 3 ఒక్కటే ఉంటే అవి తెరుచుకోవు, విడిగా వేసుకోవాలి.

ఇప్పుడు రోజువారీ పనికి ఫ్లాట్‌ప్యాక్, అంటే ఏ డిస్ట్రోలోనైనా సిస్టమ్ నుంచి వేరుగా నడిచే ప్యాకేజీ. మొదటిసారి కేడీఈ రన్‌టైమ్, అంటే కేడీఈ యాప్‌లకి ఉమ్మడిగా కావాల్సిన లైబ్రరీల మూట, మొత్తం దిగుతుంది కాబట్టి డౌన్‌లోడ్ బరువే, తర్వాత వేసుకునే కేడీఈ యాప్‌లు అదే వెర్షన్ రన్‌టైమ్‌ని అడిగితే దాన్నే పంచుకుంటాయి. వాడకంలో లేని పాత రన్‌టైమ్‌లను అప్పుడప్పుడూ 'అన్‌ఇన్‌స్టాల్ అన్‌యూజ్డ్' కమాండ్‌తో ఊడ్చేయాలి. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: సిస్టమ్‌లో డ్రైవర్ మారినప్పుడల్లా ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా చేయండి. రెండువైపులా డ్రైవర్ వెర్షన్ ఒకటే కాకపోతే యాప్‌కి గ్రాఫిక్స్ కార్డు అందదు.