టెక్సస్ ఫోర్‌క్లోజర్ వేలంలో ఇల్లు కొంటున్నారా? ఓనర్ రెండోసారి బ్యాంక్రప్సీ వేసి ఉంటే జాగ్రత్త

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల నెల మొదటి మంగళవారం కౌంటీ వేలానికి వెళ్లే మనవాళ్లకి అక్కడ తరచూ వినపడే మాట ఇది: "ఓనర్ మొదటి బ్యాంక్రప్సీ కొట్టేశారు. మళ్లీ వేసి 30 రోజులు దాటింది, ఇక స్టే లేదు, ధైర్యంగా పాడండి." ఈ మాట నమ్మి క్యాషియర్స్ చెక్ ఇచ్చేయకండి. స్టే అంటే, బ్యాంక్రప్సీ (దివాలా) కేసు వేయగానే దానంతటదే అమల్లోకి వచ్చి అప్పు వసూళ్లనీ వేలాన్నీ ఆపే నిషేధం.

ఆ మాటలో సగమే నిజం. బ్యాంక్రప్సీ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం, గత ఏడాదిలోపు నడిచిన ఒక కేసు డిస్మిస్ అయిన మనిషి మళ్లీ వేస్తే ఆటోమేటిక్ స్టే 30వ రోజుతో ఆగిపోతుంది. ఆలోపే హియరింగ్ ముగిసి జడ్జి పొడిగిస్తే తప్ప. అయితే టెక్సస్ వచ్చే ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఫిఫ్త్ సర్క్యూట్, 2019లో ఒక మెలిక తేల్చింది: ఆగేది ఆ మనిషి మీద స్టే మాత్రమే, బ్యాంక్రప్సీ ఎస్టేట్‌లో (కేసు వేయగానే కోర్టు పరిధిలోకి వచ్చే ఆస్తుల మూటలో) ఉన్న ఆస్తి మీద కాదు. పిటిషన్ పడిన క్షణాన ఇల్లు ఎస్టేట్‌లోకి పోతుంది. మళ్లీ ఎప్పుడు బయటికొచ్చిందో చాప్టర్ 13 ప్లాన్ (అప్పుల్ని వాయిదాల్లో తీర్చే ప్లాన్), ఎగ్జెంప్షన్ (ఓనర్‌కే మిగిలే ఆస్తుల) కాగితాలు చూస్తే గానీ తెలియదు. బోస్టన్ వైపు ఫస్ట్ సర్క్యూట్ దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పింది, అందుకే అక్కడి స్నేహితుల అనుభవం ఇక్కడ పనికిరాదు.

ఏడాదిలో రెండు కేసులు డిస్మిస్ అయ్యాక మూడోది వేస్తే అసలు స్టే మొదలే కాదు. అప్పిచ్చినవాళ్లకి ఇది బలమైన స్థితి. అయినా స్టే లేదని జడ్జి ధ్రువీకరించిన ఆర్డర్ ఉందా అని వేలం నడిపే ట్రస్టీని అడగండి. అడిగితే కోర్టు ఆ ఆర్డర్ ఇస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది పాత కేసుల లెక్క దగ్గర. ఈ లెక్క ఇంటిది కాదు, మనిషిది. భర్తవి రెండు కేసులు కొట్టేసినా, భార్య వేలం రోజు పొద్దున మొదటిసారి వేస్తే ఆమెకి పూర్తి స్టే వస్తుంది. ఇంకో ఎత్తు కూడా ఉంది: ఇంట్లో 5 శాతం వాటాని ఎక్కడో బ్యాంక్రప్సీలో ఉన్న మనిషి పేరున డీడ్ రాసేయడం. ఇలాంటివి పన్నాగమని తేలితే జడ్జి ఆ ఆస్తికే వర్తించేలా ఆర్డర్ ఇవ్వొచ్చు. కౌంటీలో రికార్డ్ చేస్తే, ఆర్డర్ తేదీ నుంచి 2 ఏళ్లపాటు ఎవరు కేసు వేసినా మామూలుగా ఆ ఇంటికి స్టే రాదు. కొనేవాళ్లకి ఇంతకన్నా మంచి కాగితం లేదు.

కాబట్టి ముందు కౌంటీ క్లర్క్ దగ్గర డీడ్లన్నీ తీసి, ఓనర్, జీవిత భాగస్వామి, ఈమధ్య వాటా రాయించుకున్నవాళ్ల పేర్లు రాసుకోండి. ఒక్కో పేరునీ పేసర్ (ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డులు) కేస్ లొకేటర్‌లో దేశం మొత్తానికీ వెతకండి. పేజీకి 10 సెంట్లే, మూడు నెలల బిల్లు 30 డాలర్లు మించకపోతే అదీ కట్టక్కర్లేదు. ముందురోజు ఒకసారి, చెక్ ఇచ్చే ముందు మళ్లీ చూడండి. స్టే పుట్టేది పిటిషన్ మీద ఉన్న టైమ్ ముద్రతో, దాని గురించి ట్రస్టీకి తెలియకపోయినా సరే.

స్టే ఉండగా వేలం జరిగిందని తేలితే, వేలం అయిన 15 రోజుల్లోపు ట్రస్టీ ఆ అమ్మకాన్ని రద్దు చేయొచ్చు. మీరు పాడిన డబ్బు వెనక్కి వస్తుంది గానీ, ఈలోపు ఫ్లోరింగ్‌కో ఏసీకో పెట్టింది రాబట్టడం చాలా కష్టం. ఆ గడువు దాటాక కూడా ఓనర్ బ్యాంక్రప్సీ కోర్టుకి వెళ్లొచ్చు. పాత కేసు ఏదైనా కనపడితే, కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే బ్యాంక్రప్సీ లాయర్‌తో డాకెట్ (ఆ కేసులో దాఖలైన కాగితాల జాబితా) మొత్తం చదివించండి.