ఒక్క లైన్ కోడ్‌తో వెబ్‌సైట్ దివ్యాంగులకు పనిచేస్తుందంటే నమ్మకండి, 41,300 పోగొట్టుకుని చెప్తున్నా

ఆన్‌లైన్‌లో చిన్న షాపు నడుపుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. "మీ సైట్‌ని దివ్యాంగులకు అనువుగా మార్చేస్తాం సార్, ఒక్క లైన్ కోడ్, 48 గంటల్లో సర్టిఫికెట్" అంటూ ఈమధ్య ఫోన్లు వస్తున్నాయి కదా, నేను వాటికే పడిపోయాను. 35,000, పైన జీఎస్టీ, మొత్తం 41,300. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, పేరు చెప్తే ఆ ఒక్కరినీ తప్పించుకుని పక్కవాడి దగ్గర కొంటారు.

మాది మంగళగిరి చేనేత చీరల సైట్, నేనూ మా ఆవిడా చూసుకుంటాం. ఫోన్ చేసిన అబ్బాయి మొదట చట్టంతో భయపెట్టాడు. "2016 చట్టం సార్, 5 లక్షల ఫైన్ పడుద్ది." చట్టం ఉన్న మాట నిజమే, దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 46 ప్రైవేటువాళ్ళు అందించే సేవలకూ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కానీ సెక్షన్ 89 తీసి చదివితే మొదటి తప్పుకి 10,000 దాకా, తర్వాత మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా అని ఉంది. వాడు ఆ మొదటి మెట్టు మింగేసి నేరుగా 5 లక్షల దగ్గరికి వెళ్ళిపోయాడు, నాకేమో ఆ రాత్రి నిద్ర లేదు, పొద్దున్నే కట్టేశాను. అంటే జబ్బు నిజమే, మందే నకిలీ.

వాళ్ళు పెట్టింది ఏంటంటే, సైట్ కింద మూలన నీలం రంగులో ఒక మనిషి బొమ్మ. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి, "చదివి వినిపించు" అని ఒక బటన్. అన్నీ నొక్కి చూసుకుని మురిసిపోయాను. మా అబ్బాయి మాత్రం "అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఫోన్‌లోనే ఉంది కదా నాన్నా" అన్నాడు. నువ్వు చదువుకో పో అన్నాను.

మూడు వారాల తర్వాత వరంగల్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. బ్యాంకులో ఉద్యోగం, చూపు లేదు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడతారట, అది తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉచితమే. "ఏవండీ, చెల్లెలి పెళ్ళికి చీర కొందామని గంట నుంచి కుస్తీ పడుతున్నా. పోయిన ఏడాది తంటాలు పడితే అయింది, ఇప్పుడు అదీ కావట్లేదు" అని ఫోన్‌ని ల్యాప్‌టాప్ దగ్గర పెట్టి నన్ను వినమన్నారు.

విన్నాను. "గ్రాఫిక్... బటన్... బటన్... బటన్." ఏ బటన్ కార్టుదో, ఏది వాట్సాప్‌దో దేవుడికే తెలియాలి. ఇంతలో మేం పెట్టిన 10 శాతం ఆఫర్ పాపప్ వచ్చింది, దాన్ని మూసే ఇంటూ గుర్తుకి పేరే లేదు, ట్యాబ్ కీ ఎన్నిసార్లు నొక్కినా అక్కడే తిరుగుతోంది, బయటికి దారి లేదు. దాని మీద మేం డబ్బులు పెట్టి కొన్న ఆ మనిషి బొమ్మ గొంతు కూడా మొదలైంది. ఎన్‌వీడీఏ ఒకటి చదువుతుంటే ఇది ఇంకోటి చదువుతోంది, పెళ్ళి మండపంలో రెండు మైకులు ఒకేసారి మోగినట్టు. ఆవిడ వాడుకునే సౌకర్యాన్నే మేం చెడగొట్టి పెట్టాం.

ఫొటోల సంగతి మరీ ఘోరం. చూపు లేనివాళ్ళకి ఫొటోలో ఏముందో చెప్పే వివరణలు ఏఐ రాసేస్తుందని కంపెనీవాళ్ళు అమ్మేటప్పుడు చెప్పారు, అది 140 చీరలకీ ఒకటే రాసింది, "చీర కట్టుకున్న మహిళ". కొనేవాళ్ళకి కావాల్సింది అదా? నెమలికంఠం రంగు, నిజాం బోర్డర్, పల్లూ మీద జరీ చారలు, బ్లౌజ్ పీస్ ఉందా లేదా, ఇదీ కావాల్సింది.

కంపెనీకి ఫోన్ చేస్తే "స్కోర్ 98 వచ్చింది కదా సార్" అన్నారు. ఆ స్కోర్ మెషిన్ వేసేది. ఫొటోకి వివరణ ఉందో లేదో చూస్తుంది గానీ అందులో రాసింది పనికొచ్చేదో కాదో దానికేం తెలుసు. వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ పీడీఎఫ్‌ని మేడమ్‌కి పంపాను. అది స్కాన్ చేసిన బొమ్మ, ఎన్‌వీడీఏ చదవడానికి అందులో అక్షరాలే లేవు. "ఖాళీ పేజీ అంటోందండీ" అని ఆవిడ నవ్వారు, నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత వెతికితే తెలిసింది, ఇలాంటి టూల్‌తోనే ఏ సైట్‌నైనా డబ్ల్యూసీఏజీ ప్రమాణాలకు (వెబ్‌సైట్లు దివ్యాంగులకు ఎలా అనువుగా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు) తగ్గట్టు చేస్తామని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీ మీద అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. నేను ఇది ముందే చదివి ఉంటే!

చివరికి గుంటూరులో విడిగా పనిచేసుకునే ఒక అబ్బాయి 12 రోజుల్లో 22,000కి బాగుచేశాడు. బొమ్మ పీకేశాడు, బటన్లకి పేర్లు పెట్టాడు, పాపప్ ఎస్కేప్ కీతో మూసుకునేలా చేశాడు. మీగడ రంగు మీద బూడిద రంగులో ఉన్న ధరల్ని ముదురు చేశాడు (మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా, కనీసం 4.5కి 1 ఉండాలట). పేజీ భాష ఇంగ్లీషు అని ఉంటే తెలుగు అని మార్చాడు, అందుకే అంతకుముందు తెలుగు వివరాలు వచ్చిన చోటల్లా గందరగోళంగా చదివేదట. 140 చీరల వివరణలు మా ఆవిడ కూర్చుని రాసింది, నాలుగు రోజులు పట్టింది. మేడమ్ మొత్తం పరీక్షించి పెట్టారు, 3,000 ఇస్తే వద్దన్నారు, అది పని కదండీ అని బలవంతంగా పంపాను.

మీకెవరైనా అమ్మజూపితే డెమోలో ఆ మనిషి బొమ్మ చూపించనివ్వకండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే మీ సైట్‌లో ఒక వస్తువు కొని చూపించమనండి, పేమెంట్, ఓటీపీ దాకా. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని అదే పని మళ్ళీ చేయమనండి. (మీరూ ప్రయత్నించండి, కానీ రెండు వాల్యూమ్ బటన్లతో ఆపే షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి, లేకపోతే నాలాగా ఆపడం రాక అరగంట తంటాలు పడతారు.) వాళ్ళ దగ్గర పరీక్షించే వాళ్ళలో చూపు లేనివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని అడగండి. నాకు ఫోన్ చేసి అమ్మిన అబ్బాయిని నేను తర్వాత అడిగితే "ఏఐ ఉంది కదా సార్" అన్నాడు.

రీఫండ్ మాట ఎత్తితే నిబంధనల్లో లేదంటున్నారు. అన్నట్టు, కార్డుతో కట్టినప్పుడే ఏటా 12,000 రెన్యువల్‌కి ఆటోపే పెట్టేసుకున్నారు, నేను గమనించలేదు. నిన్ననే బ్యాంకు యాప్‌లో ఆ మ్యాండేట్ రద్దు చేశాను. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ముందు అది చూసుకోండి.